ఖోర్ ఫక్కాన్ ఓటరు: జాబితా ఎవరిది, నిబంధన ఎవరిది?

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ (యూఏఈ)లో, గల్ఫ్ ఆఫ్ ఒమన్ తీరంలో కొండల అంచున ఉన్న రేవు పట్టణం ఖోర్ ఫక్కాన్. చుట్టుపక్కల నేల ఫుజైరా ఎమిరేట్‌ది, పట్టణం మాత్రం షార్జా ఎమిరేట్‌ది. షార్జా నగరం నుంచి కొండలను తొలిచి వేసిన కొత్త రహదారి 2019లో తెరుచుకుంది. రోడ్డు పడకముందూ పడ్డాకా ఇక్కడి పౌరుడి ఓటు షార్జా లెక్కలోనే ఉంది. ఆ ఓటుకు రెండు అంచెలున్నాయి: సమాఖ్య స్థాయిలో ఫెడరల్ నేషనల్ కౌన్సిల్, ఎమిరేట్ స్థాయిలో షార్జా సలహా మండలి. రెండింటి నిబంధనలూ వేరు.

ఫెడరల్ నేషనల్ కౌన్సిల్‌లో 40 మంది సభ్యులుంటారు. అబుదాబి, దుబాయ్‌లకు ఎనిమిదేసి, షార్జా, రస్ అల్ ఖైమాలకు ఆరేసి, అజ్మాన్, ఉమ్ అల్ ఖువైన్, ఫుజైరాలకు నాలుగేసి సీట్లు. ఈ లెక్క రాజ్యాంగంలోనిదే. కౌన్సిల్ బిల్లులను చర్చించి అభిప్రాయం చెబుతుంది. తుది నిర్ణయం ఏడుగురు పాలకుల సుప్రీం కౌన్సిల్‌ది.

సీట్ల సంఖ్యను ఖరారు చేసిన రాజ్యాంగం, వాటిని నింపే పద్ధతిని ఎమిరేట్లకే వదిలింది. తన ప్రతినిధులను ఎలా ఎంపిక చేసుకోవాలో ప్రతి ఎమిరేట్ స్వయంగా నిర్ణయించుకోవచ్చని 69వ అధికరణం చెబుతుంది. దాంతో మూడు దశాబ్దాలకు పైగా పాలకులే సభ్యులందరినీ నియమించారు.

2005 చివర్లో అధ్యక్షుడు షేక్ ఖలీఫా సగం సీట్లకు ఎన్నికలు జరుపుతామని ప్రకటించారు. 2006 డిసెంబరులో తొలి ఎన్నిక జరిగింది. అప్పటి నుంచి అధికారాన్ని రెండు చేతుల మధ్య పంచినట్టయింది. పోలింగ్ తేదీ, ప్రచార నియమాలు, ఓటు వేసే పద్ధతి జాతీయ ఎన్నికల కమిటీ చూస్తుంది. ఓటర్లు ఎవరన్నది ఆయా ఎమిరేట్ పాలకుడు ఖరారు చేసే జాబితాను బట్టి ఉంటుంది. ఆ జాబితాలో పేరు లేని పౌరుడు ఓటు వేయలేడు, పోటీ చేయలేడు.

జాబితా ఎంత ఉండాలో సమాఖ్య కనీస పరిమితి మాత్రమే పెట్టింది. 2006లో సీట్ల సంఖ్యకు 100 రెట్లు, 2011లో 300 రెట్లు. ఆ లెక్కన ఆరు సీట్ల షార్జాకు మొదట 600 మంది, తర్వాత 1,800 మంది ఉంటే చాలు. అంతకు మించి ఎంతమందిని చేర్చాలన్నది పాలకుడి ఇష్టం. దేశం మొత్తం మీద 2006లో ఆరు వేల పైచిలుకు ఉన్న ఓటర్లు 2011లో 1,29,274కు, 2019లో 3,37,738కి పెరిగారు. 2023 నాటికి దాదాపు నాలుగు లక్షలయ్యారు.

కాలక్రమంలో సమాఖ్య నిబంధనలు గట్టిపడ్డాయి. 2011లో ఓటరు తన ఎమిరేట్ సీట్లలో సగం మందికి, అంటే షార్జాలో ముగ్గురికి, ఓటు వేయగలిగేవాడు. 2015 నుంచి ఒక ఓటరుకు ఒకే ఓటు. కౌన్సిల్‌లో సగం మంది మహిళలుండాలని 2018 డిసెంబరులో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు 2019 ఎన్నికల నుంచి అమలైంది. ఎవరిని నియమించాలన్న పాలకుల స్వేచ్ఛకు ఆ మేరకు హద్దు ఏర్పడింది.

సమాఖ్య ఎన్నికల్లో షార్జా అంతా ఒకే నియోజకవర్గం. ఆరు సీట్లలో మూడింటికి ఎన్నిక, మూడింటికి నియామకం. ఖోర్ ఫక్కాన్‌కు ప్రత్యేకంగా సీటు లేదు. ఆ లోటు తీరేది షార్జా సలహా మండలిలో. 1999లో ఏర్పడిన ఈ మండలిలో సగం సీట్లకు 2016 జనవరిలో ఎన్నికలు పెట్టారు. పాలకుడు షేక్ సుల్తాన్ బిన్ ముహమ్మద్ అల్ ఖాసిమీ ఆదేశంతో జరిగిన ఆ ఎన్నికల్లో 21 ఏళ్లు నిండి, పేరు నమోదు చేసుకున్న షార్జా పౌరులు ఓటు వేశారు. పాలకుడి జాబితా కోసం ఎదురుచూడనక్కర లేదు. సీట్లను ప్రాంతాలవారీగా పంచడంతో ఖోర్ ఫక్కాన్ తన ప్రతినిధులను తానే ఎన్నుకుంది. అలా ఎమిరేట్ తలుపు సమాఖ్య తలుపు కంటే వెడల్పుగా తెరుచుకుంది.

ఇక్కడ పనిచేసే తెలుగువారికి ఈ రెండు ఎన్నికల్లోనూ ఓటు లేదు; అది యూఏఈ పౌరులకే. వారి ఓటు హక్కు భారత పార్లమెంటు చట్టంలో ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 2010లో చేర్చిన 20ఏ సెక్షన్ ప్రకారం, విదేశంలో ఉంటూ మరో దేశ పౌరసత్వం తీసుకోని భారతీయుడు ఫారం 6ఏతో సొంత నియోజకవర్గంలో నమోదు కావచ్చు. ఓటు మాత్రం స్వయంగా వచ్చి, పాస్‌పోర్టు చూపి వేయాలి. ప్రతినిధి ద్వారా ఓటు వేయించే బిల్లు 2018లో లోక్‌సభలో గట్టెక్కినా రాజ్యసభ దాటకుండానే 2019లో మురిగిపోయింది.

భారత్‌లోనూ అధికారం పంపకమే. లోక్‌సభ, శాసనసభ ఎన్నికలు కేంద్ర ఎన్నికల సంఘానివి. పంచాయతీ, మునిసిపల్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘానివి. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని తగ్గిస్తే, మే 29న హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అయితే 18 ఏళ్లు నిండిన పౌరుడికి ఓటు హక్కును రాజ్యాంగం 326వ అధికరణమే ఇస్తోంది. ఓటరు ఎవరన్నది ముఖ్యమంత్రి ఇష్టానికి వదలలేదు. యూఏఈలో సమాఖ్య ఎన్నికలకు ఆ నిర్ణయం ఎమిరేట్ పాలకుడిది.