గజ్జల్లో వాపు ఒక్కసారిగా గట్టిపడిందా..? పెద్ద హెర్నియాకు ఎమర్జెన్సీ ఆపరేషన్ ఎందుకంత రిస్క్ అంటే..

గజ్జల్లో చిన్న ఉబ్బు. పడుకుంటే లోపలికి పోతుంది, లేచి నిలబడితే మళ్లీ వస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి చాలామంది లైట్ తీసుకుంటారు. మొయినాబాద్, చేవెళ్ల లాంటి చోట్ల కూరగాయల మూటలు మోస్తూ, పొలం పనులు చేసుకుంటూ పంచె చాటున దాచుకునేవాళ్లూ ఉంటారు. కొందరు వరిబీజం అనుకుని ఊరుకుంటారు. కానీ అది హెర్నియా కావచ్చు. జీవితకాలంలో నూటికి దాదాపు 27 మంది మగవాళ్లకు ఇది వస్తుందని అంచనా. ఆడవాళ్లలో 3 శాతమే.

పొత్తికడుపు గోడ బలహీనపడిన చోటు నుంచి పేగు బయటికి జారడమే హెర్నియా. ఏళ్ల తరబడి వదిలేస్తే వృషణాల సంచిలోకి దిగుతుంది. నిలబడినప్పుడు తొడ మధ్య దాకా వేలాడితే దాన్ని జెయింట్ హెర్నియా అంటారు.

అసలు ప్రమాదం ఎప్పుడు?

రోజూ లోపలికి పోయే వాపు ఒకరోజు పోదు. గట్టిపడుతుంది, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. వాంతులు, కడుపుబ్బరం, గ్యాస్ కూడా పోదు. పైచర్మం ఎర్రబడుతుంది లేదా నల్లబడుతుంది. పేగు ఇరుక్కుని రక్తప్రసరణ ఆగిందన్నమాట. కొన్ని గంటల్లోనే పేగు కుళ్లిపోవచ్చు. తెల్లారాక చూద్దాంలే అనుకునే జబ్బు కాదిది. ఇంట్లోవాళ్లు బలంగా లోపలికి నొక్కడం మరీ డేంజర్, దెబ్బతిన్న పేగు చిరిగిపోవచ్చు.

ఆపరేషన్‌లో సర్జన్లు ముందు ఇరుకును విడదీస్తారు. తర్వాత పేగుపై వెచ్చని సెలైన్‌తో తడిపిన గుడ్డ కప్పి కాసేపు ఆగి చూస్తారు. గులాబీ రంగు తిరిగొచ్చి, కదలిక కనిపిస్తే పేగు బతికినట్టే. లేదంటే ఆ ముక్క కోసేసి రెండు చివరలూ కలిపి కుట్టాలి. పేగు కుళ్లిన కేసుల్లో ఇన్ఫెక్షన్ భయంతో మెష్ వేయడానికి వెనకాడతారు. మెష్ లేకపోతే హెర్నియా మళ్లీ వచ్చే ఛాన్స్ ఎక్కువ.

పెద్ద హెర్నియాలో ఇంకో చిక్కుంది. పేగులు ఏళ్లుగా బయటే ఉండడంతో కడుపులో చోటు తగ్గిపోతుంది. అన్నీ ఒక్కసారిగా లోపలికి తోస్తే ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తులు, గుండె, కిడ్నీలపై భారం పడుతుంది. కొందరికి వెంటిలేటర్ తప్పదు. అదే ముందుగా ప్లాన్ చేసుకుంటే కడుపులోకి కొద్దికొద్దిగా గాలి నింపి చోటు పెంచుతారు, సిగరెట్ మాన్పిస్తారు, షుగర్ కంట్రోల్ చేస్తారు. ఎమర్జెన్సీలో అంత టైమ్ ఎక్కడిది?

ఎక్కడికి వెళ్లాలి?

మొయినాబాద్ మండలంలో భాస్కర్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి, చేవెళ్లలో పట్నం మహేందర్‌రెడ్డి మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉన్నాయి. నగరంలో అయితే ఉస్మానియా. ఏదైనా సరే, ఆ టైమ్‌కి సర్జన్, మత్తు డాక్టర్, ఐసీయూ బెడ్ ఉన్నాయా అన్నది ముందే ఫోన్‌లో కనుక్కుంటే మంచిది. 108కి కాల్ చేయొచ్చు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. అయితే ఆ ఆస్పత్రిలో ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో ఆరోగ్యమిత్రను అడగాలి.

దారిలో పేషెంట్‌కు నీళ్లు, టీ కూడా పట్టొద్దు. వాపు లోపలికి పోవడం ఎప్పుడు ఆగింది, చివరిసారి ఏం తిన్నారు, రక్తం పలచబడే మాత్రలు ఏమైనా వాడుతున్నారా? డాక్టర్లు అడిగే ఈ వివరాలు వెంట వెళ్లేవాళ్లకు తెలిసి ఉండాలి.