మీకు తెలుసా? చుక్కల చేప నిలబెట్టిన ఊరు

ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవికి దక్షిణపు కొసన, సోర్సొగోన్ ప్రావిన్స్‌లో దోన్‌సోల్ అనే చిన్న తీరపట్టణం ఉంది. చేపల వేటే ఆధారంగా బతికిన ఈ ఊరి పేరు 1998లో ఒక్కసారిగా దేశదేశాలకూ పాకింది. కారణం తిమింగల సొర. స్థానికులు దాన్ని 'బుతాండింగ్' అంటారు.

ప్రపంచంలోకెల్లా పెద్ద చేప ఇదే. 12 మీటర్లు దాటి కూడా పెరుగుతుంది. అంత శరీరానికీ తిండి మాత్రం నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, చిన్న చేపలు! ముదురు బూడిద రంగు వీపు మీద ముగ్గుకు పెట్టినట్టు తెల్లని చుక్కలుంటాయి. ఏ రెండింటికీ ఆ చుక్కల వరస ఒకేలా ఉండదు. అందుకే మొప్పల వెనక భాగాన్ని ఫొటో తీసి, పరిశోధకులు ఒక్కోదాన్నీ విడిగా గుర్తుపడతారు.

1998లోనే ఫిలిప్పీన్స్ వీటి వేటను నిషేధించింది.

సొరతో కలిసి ఈదడానికి దోన్‌సోల్ వచ్చే సందర్శకుల కోసం దానికి మేత వేసి రప్పించరు. అదే ఈ ఊరి గొప్పతనం. శిక్షణ పొందిన స్థానికులు పడవ మీద నిలబడి నీళ్లలో నీడ కోసం వెతుకుతారు. ఒక్కో సొర దగ్గరికి ఒకే పడవ, ఆరుగురికి మించని ఈతగాళ్లు. ముట్టుకోకూడదు, ఫ్లాష్ వాడకూడదు.

పక్కనున్న పిలార్ తీరంలో 2009 మార్చిలో ఒక పిల్ల సొర దొరికింది. అప్పటికే ఎవరో దాని తోకకు తాడు వేసి గుంజకు కట్టేసి ఉంచారు. పొడవు 38 సెంటీమీటర్లే. కొలతలు తీసుకుని, దాన్ని లోతైన నీళ్లలో వదిలిపెట్టారు.