పాత ఇంజనుకు ఇంజెక్షన్: ఏ మానిఫోల్డ్? ఎందుకు?

షెవ్రొలే స్మాల్‌బ్లాక్ వి8 ఇంజను అమెరికాలో 1955లో వచ్చింది. దాన్ని ఇష్టంగా కాపాడుకునేవారిలో కొందరు కార్బురేటర్ తీసేసి, అదే చోట థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ బిగిస్తారు. మరి దాని కిందుండి సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఎలాంటిది కావాలి?

ఈ పద్ధతిలో పెట్రోలు పైనే, గాలి లోపలికి వచ్చే చోటే చిమ్ముతుంది. అక్కడి నుంచి ఎనిమిది సిలిండర్లకూ గాలితో కలిసి మానిఫోల్డ్ దారుల్లోనే వెళ్లాలి. గాలి నెమ్మదించినా, లోహం చల్లగా ఉన్నా తుంపరలు గోడలకు అంటుకుంటాయి. అప్పుడు ఒక సిలిండరుకు పెట్రోలు ఎక్కువ, మరోదానికి తక్కువ. ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్ సరిచేయదా? పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పేది సగటే. ఏ సిలిండరుకు తగ్గిందో దానికి తెలియదు. అసలు చిక్కు ఇదే!

అందుకే మానిఫోల్డ్ ఆకారం ముఖ్యం. డ్యూయల్ ప్లేన్ మానిఫోల్డ్‌లో రెండు అంతస్తులుంటాయి, ఒక్కోటీ నాలుగు సిలిండర్లకు. దారులు పొడవు, కాబట్టి ఇంజను తక్కువ వేగంలోనూ గాలి అంతగా నెమ్మదించదు, బలంగా లాగుతుంది. సింగిల్ ప్లేన్‌లో ఒకే విశాలమైన గది, పొట్టి దారులు. అది పందేల వేగానికి. రోజూ తిరిగే కారుకు డ్యూయల్ ప్లేనే మేలు.

కొనేముందు మానిఫోల్డ్‌ను సిలిండర్ హెడ్లకు బిగించే బోల్టులూ చూడండి: 1987 నుంచి ఇనుప హెడ్లలో మధ్య బోల్టుల కోణం మారింది, పాత మానిఫోల్డ్ వాటిపై నేరుగా కూర్చోదు.