మీ స్టవ్ మంటలో ఏముంది? దాన్ని ఎలా కొలుస్తారు?

ప్రియమైన తల్లిదండ్రులకు,

ఈ నెల క్లాసులో దహనం పాఠం నడుస్తోంది. మీ బాబో పాపో వంటింట్లోకి వచ్చి స్టవ్ మంటను తదేకంగా చూస్తుంటే విసుక్కోకండి, హోంవర్క్ అదే.

మంట ఒకే ముక్కలా కనిపిస్తుంది కానీ అందులో పొరలున్నాయి. కొవ్వొత్తిలో వత్తి చుట్టూ నల్లగా ఉండేది ఇంకా కాలని మైనపు ఆవిరి. మధ్యలో పసుపు. అన్నిటికంటే బయట పలచటి నీలి అంచు. గాలి బాగా అందేది, వేడి ఎక్కువగా ఉండేది అక్కడే. పసుపు రంగు నిజానికి మసి కణాలది. గాలి చాలక మిగిలిన కార్బన్ బాగా కాగి వెలుగుతుంది. గ్యాస్ స్టవ్‌లో మంట అంటుకోకముందే గ్యాస్‌లో గాలి కలుస్తుంది కాబట్టి నీలంగా ఉంటుంది.

ల్యాబుల్లో మంటల మీద ప్రయోగాలకి తరచూ గ్యాస్‌నే వాడతారు. కట్టె ఒక్కోసారి ఒక్కోలా మండుతుంది, గ్యాస్‌ని వాల్వ్‌తో కావలసినంతే వదలొచ్చు. మంటలో వేర్వేరు ఎత్తుల్లో సన్నటి థర్మోకపుల్ తీగలు పెట్టి వేడి చూస్తారు. తీగ తన వేడిని చుట్టూ వెదజల్లుతూ అసలు కంటే తక్కువ చూపిస్తుంది, ఆ తేడాని లెక్కగట్టి సరిచేస్తారు. సన్నటి గొట్టంతో వాయువుల్ని లాగి ఏ పొరలో ఏముందో పరీక్షిస్తారు. మసిని లేజర్ కాంతితో కొలుస్తారు.

మొత్తం మంట ఎంత వేడి ఇస్తోందో తెలుసుకునే పద్ధతి నాకు చాలా ఇష్టం. వేడిని పట్టుకోరు, పొగనంతా పెద్ద హుడ్‌లోకి లాగి గాలిలో ఎంత ఆక్సిజన్ తగ్గిందో చూస్తారు. ఏ ఇంధనమైనా కిలో ఆక్సిజన్ ఖర్చయితే వచ్చే వేడి దాదాపు సమానమని 1917లో థార్న్‌టన్ గమనించారు. అది సుమారు 13.1 మెగాజౌళ్లని 1980లో హగ్గెట్ చూపించారు. సోఫా అయినా గ్యాస్ అయినా అదే లెక్క. నాసా వాళ్లయితే 2017 నుంచి కొన్నేళ్లపాటు అంతరిక్ష కేంద్రంలో 1,500కు పైగా గ్యాస్ మంటలు వెలిగించి చూశారు. అక్కడ వేడి గాలి పైకి లేవదు, అందుకే మంట బంతిలా గుండ్రంగా ఉండగలదు.

ఇప్పుడు మన ఇంటి లెక్క. 14.2 కిలోల సిలిండర్ పూర్తిగా కాలితే సుమారు 43 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 కిలోల నీటి ఆవిరి వస్తాయి. గ్యాస్ కంటే బరువు ఎలా పెరిగిందని పిల్లల్ని అడగండి (గాలిలోని ఆక్సిజన్ కలిసింది).

అదే గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ లీకైతే ముక్కుకి తెలియడానికి అందులో కావాలనే వాసన కలుపుతారు, దీనికి ఆ హెచ్చరిక కూడా ఉండదు. స్టవ్ మంట పసుపుగా మారి గిన్నెల అడుగులు నల్లబడుతుంటే బర్నర్ రంధ్రాలు శుభ్రం చేయించండి. వంట చేసేటప్పుడు కిటికీ తెరవండి. గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపల ఉంటే చలికాలం రాకముందే బయటికి మార్పించండి. స్నానం చేస్తుండగా తలనొప్పిగా ఉన్నా, కళ్లు తిరిగినా వెంటనే తలుపు తీసి బయటికి రావాలని పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

మీ సైన్స్ టీచర్