ఆటవేళ కంప్యూటరు ప్రాసెసరు వేడెక్కుట: కారణములు, ఉపాయములు

తెలుగు బోధించే మేము కంప్యూటరు వేడిని గూర్చి వ్రాయబూనడం చూచి కొందరు నవ్వవచ్చును. అందుకొక కారణమున్నది. మొన్నటి ఏప్రిల్ నెలలో మా విద్యార్థి ఒకడు లాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకొని స్టాఫ్‌రూముకు వచ్చాడు. ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకే యంత్రం దానంతటదే ఆగిపోతున్నదట. బజారులో చూపిస్తే "ప్రాసెసరు కాలిపోయింది, బోర్డు మొత్తం మార్చాలి, పద్దెనిమిది వేలవుతుంది" అన్నారట. వాళ్ల అమ్మీ కుట్టుపని చేసి కూడబెట్టిన సొమ్ముతో రెండేళ్ల క్రితం కొన్న యంత్రమది. "అమ్మీకి ఇంకా చెప్పలేదు సార్" అని తల వంచుకొన్నాడు.

మాకు తోచిన ప్రశ్న ఒక్కటే. కాలిపోయిన ప్రాసెసరు పది నిమిషాలైనా ఎట్లా నడుస్తుంది? వ్యాసం టైపు చేస్తే గంటలకొద్దీ నిలుస్తున్నదే! భౌతికశాస్త్రం చెప్పే మిత్రుని కూర్చోబెట్టుకొని ఆ యంత్రాన్ని పరిశీలించాము. ఆనాడు చూచినదీ, పిమ్మట చదివి తెలిసికొన్నదీ ఇక్కడ విన్నవిస్తున్నాము.

ప్రాసెసరు లెక్కలు చేస్తుంది గాని బరువు మోయదు, వెలుగు నివ్వదు. కనుక అది తీసికొన్న విద్యుత్తు దాదాపు అంతా వేడిగా మారవలసినదే. వేడి పుట్టడం జబ్బు కాదు, అది పని యొక్క ఫలితం. చిక్కంతా ఆ వేడి పుట్టే చోటు బహు చిన్నది కావడంలో ఉన్నది. ఇంటెల్ వారి డెస్క్‌టాప్ ప్రాసెసరు కోర్ ఐ9-13900కె గరిష్ఠంగా 253 వాట్లు తీసికొంటుంది. దాని చిప్పు వైశాల్యం సుమారు రెండున్నర చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు దాదాపు 100 వాట్లు. మన యింటి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె అడుగుభాగాన్ని 150 చదరపు సెంటీమీటర్లుగా తీసికొన్నా, అక్కడ 7 వాట్లకు మించదు. లాప్‌టాప్ ప్రాసెసర్లు ఇంత విద్యుత్తు తీసికోవు గాని, వాటికి గాలి ఆడే చోటూ అంతంత మాత్రమే.

ఈ బాధ మొదటినుండీ ఇంత లేదు. ట్రాన్సిస్టరు చిన్నదవుతున్నకొద్దీ వోల్టేజి కూడా తగ్గించవచ్చునని, అట్లు చేస్తే అదే వైశాల్యంలో పుట్టే వేడి పెరగదని 1974లో ఐ.బి.ఎం. ఇంజనీరు రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు చూపించారు. ముప్పయి ఏండ్లు ఆ సూత్రం నడిచింది. తరువాత వోల్టేజిని ఇంకా తగ్గించడం కష్టమైంది. 2004లో ఇంటెల్ వారు 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 ఆలోచననే విరమించుకొన్నారు. ఒకే మెదడును పరుగెత్తించడం మాని, ఒక చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది మెదళ్లు పెట్టే పద్ధతి అటుపిమ్మట బలపడింది.

ఇక ఆట సంగతి. మనం టైపు చేసేటప్పుడు ఒక అక్షరానికీ మరొక అక్షరానికీ నడుమ ప్రాసెసరు నిద్రపోతుంది. ఆటలో దానికి విశ్రాంతి లేదు. క్షణానికి 60 సార్లో, 100 సార్లో కొత్త బొమ్మ సిద్ధం చేయాలి. పక్కనే బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్పు కూడా అంతే శ్రమపడుతుంది. చాలా లాప్‌టాప్‌లలో ఈ రెండింటి వేడీ ఒకే రాగిగొట్టాల గుండా పోవాలి. ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెంటిగ్రేడు దరికి చేరితే ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. ఆట నత్తనడక నడుస్తుంది. అప్పటికీ వేడి దిగకపోతే యంత్రం ఆగిపోతుంది. అది మరణం కాదు, ఆత్మరక్షణ. బజారులో దీనినే "కాలిపోవడం" అన్నారు!

కాబట్టి చూడవలసినది వేడి బయటికి పోయే దారిని. చిప్పుకూ రాగిపలకకూ నడుమ కంటికి కనబడని సందులుంటాయి. వాటిలో గాలి నిలిస్తే వేడి కదలదు. రాగితో పోల్చితే గాలి వేడిని మోయడంలో వేల రెట్లు అధమం. ఆ సందులు పూడ్చటానికే థర్మల్ పేస్టు. కొన్నేళ్లకు అది ఎండి బీటలువారుతుంది. రాగిగొట్టం లోపల కొద్దిపాటి నీరుంటుంది. వేడి కొసన ఆవిరై, చల్లని కొసన మళ్లీ నీరై, అన్నపు గిన్నె మూతవలె పని చేస్తుంది. ఆ చల్లని కొసనున్న పలుచని లోహపు రెక్కల నడుమ ఫ్యాను గాలి తోలుతుంది.

మేము చూచిన యంత్రంలో ఆ రెక్కలే కనబడలేదు. దుమ్మూ దూదిపీచూ కలిసి నమ్దా ముక్కవలె అడ్డంగా పేరుకొని ఉన్నది. అడుగగా, హాస్టలులో దూదిపరుపు మీదనే పెట్టి ఆడతానన్నాడు. పరుపు అడుగున గాలి పీల్చే రంధ్రాలను మూస్తుంది, పీచును లోపలికి పంపుతుంది.

గది కూడా ఈ దారిలో భాగమే. ఏ ఫ్యానూ యంత్రాన్ని గది కంటె చల్లబరచలేదు. 25 డిగ్రీల గదిలో 82 చూపే ప్రాసెసరు, 40 డిగ్రీల గదిలో అదే పనికి 97 దరికి పోతుంది. ఏ.సి. దుకాణంలో "అంతా బాగున్నది" అనిపించుకొన్న యంత్రం మన వేసవి గదిలో ఆగిపోవడానికి ఇదొక కారణం.

శుభ్రం చేయదలచినవారు ముందు గ్యారంటీ గడువు చూచుకోవాలి. తరువాత విద్యుత్తు తీసి, బ్యాటరీ విడదీసి, ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టుకొని గాలి ఊదాలి. లేకపోతే అది విపరీతంగా తిరిగి చెడుతుంది. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, కొత్తది బఠాణీగింజంత పెడితే చాలు. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లదనం రాదు.

పైసా ఖర్చులేని ఉపాయం మరొకటి. తెర క్షణానికి 60 బొమ్మలే చూపగలిగినప్పుడు 140 గీయించడం వృథా. ఆట సెట్టింగులలో 60కి హద్దు పెట్టాలి. వోల్టేజి తగ్గించనిచ్చే యంత్రాలలో అదీ మేలే. వేడి వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, పదో వంతు తగ్గిస్తే దాదాపు అయిదో వంతు వేడి తగ్గుతుంది.

ప్రాసెసరు నిజంగా చెడటం లేదని మేము అనడం లేదు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని ఆటల నడుమ కుప్పకూలాయి. అధిక వోల్టేజి వలన చిప్పు దెబ్బతింటున్నదని కంపెనీయే ఒప్పుకొని, గ్యారంటీని రెండేళ్లు పొడిగించింది. అక్కడ దుమ్ము తుడిచి ప్రయోజనం లేదు.

మా విద్యార్థికి మాత్రం పేస్టుకు 350 రూపాయలైనవి. అదే గదిలో, అదే ఆటకు, 98 చూపినది 84కు దిగింది. 60కి హద్దు పెట్టిన పిమ్మట 76. ఇప్పుడు యంత్రాన్ని బల్లమీద, వెనుక అంచు కింద రెండు చెక్కముక్కలు పెట్టి వాడుతున్నాడు. ప్రాజెక్టు రిపోర్టు దానిమీదనే పూర్తిచేశాడు. అమ్మీకి చెప్పాడో లేదో మేము అడగలేదు.