ఆర్కిటెక్ట్ కావాలంటే ఎన్నేళ్లు నడవాలి?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ మేడ వైపు చూసినా ఆటోక్యాడ్, రెవిట్ నేర్పుతామనే బోర్డులు కనిపిస్తాయి. పిల్లవాడిని అక్కడ చేర్పించి, "మావాడు ఆర్కిటెక్ట్ అవుతున్నాడు" అని సంతోషపడే తల్లిదండ్రులు మాకు తరచు తారసపడుతుంటారు. ఆ కోర్సులను మేము తక్కువ చేయడం లేదు. వాటితో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం దొరుకుతుంది, ఇల్లు గడుస్తుంది. కానీ డ్రాఫ్ట్స్‌మన్ వేరు, ఆర్కిటెక్ట్ వేరు. చదువులకు సాయపడే దాతలకు ఈ తేడా తెలియాలి. ఒకటి నెలల పని, రెండోది ఏళ్ల పని.

మన దేశంలో ఆర్కిటెక్ట్ అనే పేరుకు చట్టం కాపలా ఉంది. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం 37వ సెక్షన్ ప్రకారం, ఢిల్లీలోని కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్టరులో నమోదు కాని వ్యక్తి ఆ పేరు పెట్టుకుని వృత్తి చేయకూడదు. మొదటిసారి దొరికితే జరిమానా 500 రూపాయలకు మించదు. ఇది 1972 నాటి రూపాయి లెండి! 2020 మార్చి 17న సుప్రీంకోర్టు ఇంకో విషయం తేల్చింది. ఈ సెక్షన్ కాపాడేది పేరును మాత్రమేననీ, కట్టడాల రూపకల్పన పనిని ఇతరులు చేయకుండా ఆపదనీ చెప్పింది. "అయితే అంత చదువు ఎందుకు?" అని అడిగేవారున్నారు. మా సమాధానం ఒకటే. ఆ పేరుతో వచ్చే బాధ్యతా, గౌరవమూ వేరు. మున్సిపాలిటీ ఇంజినీర్లకు ఇచ్చే లైసెన్సు ఆ ఊరి పరిధిది. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది.

నిజాం కాలంలో ఇటువంటి రిజిస్టరు లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కట్టాలనుకున్నప్పుడు నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలను విదేశాలకు పంపి అక్కడి విశ్వవిద్యాలయాలను చూసి రమ్మన్నారు. తర్వాత బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ వచ్చారు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం అలా తయారైంది. మన ముంగిట ఉన్న ఎర్రమంజిల్ సంగతీ గుర్తుండే ఉంటుంది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఆ మహల్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసింది. కట్టడం విలువ తెలిసి చెప్పగలిగినవాళ్లు మనలోనూ ఉండాలి.

ఇక దారి సంగతి. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం తప్పనిసరి కనుక ఎంపీసీ తీసుకోవడమే మేలు. సీఈసీ తీసుకున్న పిల్లలకు ఆ తలుపు పదో తరగతి తర్వాతే మూసుకుపోతుంది. గణితం ఉన్న మూడేళ్ల డిప్లొమా చేసినవారికి కూడా అవకాశం ఉంది, కాకపోతే వాళ్లు మళ్లీ మొదటి సంవత్సరం నుంచే చదవాలి. ఆ తర్వాత నాటా పరీక్ష గానీ, జేఈఈ మెయిన్ రెండో పేపరు గానీ రాయాలి. నాటాను కౌన్సిలే 2006 నుంచి నడుపుతోంది. ఇటీవలి పద్ధతిలో 200 మార్కులకుగాను 80 మార్కులు చేత్తో గీసే బొమ్మలకు, 120 ఆలోచనాశక్తికి. మేస్త్రీల ఇళ్లలో, సెంట్రింగ్, టైల్స్ పనివాళ్ల ఇళ్లలో పెరిగిన పిల్లలకు కట్టడం గురించి చూసి తెలిసిన జ్ఞానం బోలెడు ఉంటుంది. దాన్ని కాగితం మీద పెట్టడం మాత్రం ఎవరో ఒకరు నేర్పాలి.

బి.ఆర్క్ ఐదేళ్లు. పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డు మీదుగా వెళ్తే మాసబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. 2008లో విశ్వవిద్యాలయమైనా, దాని వేళ్లు 1940 నాటి ప్రభుత్వ కళాశాలలో ఉన్నాయి. ఐదేళ్లలో కొన్ని నెలలు ఏదైనా ఆర్కిటెక్ట్ ఆఫీసులో శిక్షణ పొందాలి. పట్టా చేతికొచ్చాక కౌన్సిల్‌కు దరఖాస్తు చేస్తే 'సీఏ' అక్షరాలతో మొదలయ్యే నంబరు వస్తుంది. ఇక్కడ ఇంకో పరీక్ష లేదు. అమెరికాలో అలా కాదు. అక్కడ లైసెన్సు కోసం సాధారణంగా 3,740 గంటల అనుభవం చూపి, ఆరు భాగాల పరీక్ష గట్టెక్కాలి. ఇక్కడి పట్టాతో వెళ్లినవారు ముందుగా తమ చదువును అక్కడివారి చేత మదింపు చేయించుకోవాలి.

పిల్లలు ఎక్కువగా తడబడేది ఫీజు దగ్గర కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినా డ్రాయింగ్ షీట్లు, మోడళ్లకు అట్టలు, బల్సా చెక్క, పెద్ద ప్రింట్లు, బరువైన సాఫ్ట్‌వేర్ నడిచే ల్యాప్‌టాప్, ఊళ్లు తిరిగే స్టడీ టూర్లు ఎవరి లెక్కలోనూ ఉండవు. రాత్రంతా మేల్కొని మోడల్ చేసే విద్యార్థి సాయంత్రం పార్ట్‌టైమ్ పనికి వెళ్లలేడు. తోటి బీటెక్ పిల్లలు నాలుగేళ్లకే జీతం తెచ్చుకుంటుంటే ఇంట్లో ఒత్తిడి మొదలవుతుంది. మొదటి ఏడాది ఘనంగా సాయం చేసి మూడో ఏడాది చేతులెత్తేయడం కన్నా, ఏటా కొద్దికొద్దిగా ఐదేళ్లూ ఇవ్వడమే ఈ చదువుకు పనికొస్తుందని మా అభిప్రాయం. అదే డబ్బుతో నలుగురు డిగ్రీ విద్యార్థులను చదివించవచ్చు కదా అన్నది న్యాయమైన ప్రశ్నే, దానికి దాతలే జవాబు చెప్పాలి.

చేర్చే ముందు ఒక్క జాగ్రత్త. కాలేజీకి ఆ విద్యాసంవత్సరానికి కౌన్సిల్ ఆమోదం ఉందో లేదో, ఎన్ని సీట్లకు ఉందో కౌన్సిల్ జాబితాలో స్వయంగా చూసుకోవాలి. గుర్తింపు లేని పట్టాతో రిజిస్ట్రేషన్ రాదు. కాలేజీ గేటు మీది బోర్డును నమ్మి డబ్బు కట్టవద్దు.