వెళ్ళివచ్చాను!

బడికి బయలుదేరేటప్పుడు మీరు ఇంట్లో ఏమని చెబుతారు? "వెళ్తాను" అంటే అమ్మ ఊరుకోదు గదా! "వెళ్ళొస్తాననాలి" అని దిద్దుతుంది. చైనాకూ జపానుకూ నడుమ ఉన్న కొరియా దేశంలో పిల్లలు కూడా సరిగా ఈ మాటే అంటారు. పొద్దున "తన్యొ ఒగెస్సుమ్నిదా" అంటారు. అంటే "వెళ్ళొస్తాను" అని. సాయంత్రం ఇంటికి చేరగానే "తన్యొ వస్సుమ్నిదా" అంటారు, "వెళ్ళొచ్చాను" అని. (కొరియా పలుకులు మన లిపిలో ఉజ్జాయింపుగానే వస్తాయి సుమా!)

"నిన్న సియోలుకు వెళ్ళాను" అనాలంటే "ఒజె సొఉరె కస్సొయొ" అంటే చాలు. ఒజె అంటే నిన్న, సొఉరె అంటే సియోలుకు, కస్సొయొ అంటే వెళ్ళాను. మాటల వరస అచ్చంగా మనదే! పైగా మనకు వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది అని ఇన్ని రూపాలున్నాయి. వాళ్ళకు అన్నిటికీ ఆ ఒక్క కస్సొయొ సరిపోతుంది. అయితే వెళ్ళినవారు తాతగారైతే "కస్యొస్సొయొ" అని మర్యాదగా అనాలి.

కాలం చెప్పేటప్పుడే కొంచెం చిక్కు. మనకు ముక్కంటి అనీ, త్రినేత్రుడు అనీ రెండు రకాల "మూడు" ఉన్నట్టే, వాళ్ళకు సొంత అంకెలు కొన్ని, చైనా నుంచి వచ్చినవి కొన్ని. మూడు గంటలంటే "సే షి", మూడేళ్ళంటే "సమ్ న్యొన్". గంటలకు సొంత అంకె, నిమిషాలకూ ఏళ్ళకూ చైనా అంకె!

"ఆ ఊరు ఎప్పుడైనా వెళ్ళారా?" అని అడగడానికి "క బ్వస్సొయొ?" అంటారు. మాటకు మాట చెబితే, "వెళ్ళి చూశారా?" అని. ఇలాంటి పోలికలు చూసి హల్బర్ట్ అనే అమెరికన్ 1905లో కొరియా భాషనూ ద్రావిడ భాషలనూ పోలుస్తూ ఒక పుస్తకమే వేశాడు. అవి చుట్టాలని నేటి భాషావేత్తలు ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా, నేర్చుకునే మనకు ఈ పోలికలు సాయమే!

ఒక్కటి మాత్రం జాగ్రత్త. "తమ్ముడు కస్సొయొ" అంటే వాడింకా అక్కడే ఉన్నాడేమో అనుకుంటారు. తిరిగి వచ్చేశాడని చెప్పాలంటే "కత్తా వస్సొయొ", అనగా "వెళ్ళి వచ్చాడు" అనాలి.

ఆ దేశంలో ఈ తేడా చిన్నది కాదు. 1950 నుంచి 1953 దాకా అక్కడ పెద్ద యుద్ధం జరిగింది. నాలుగు రోజుల్లో తిరిగి వద్దామని ఇల్లు విడిచినవారు ఎందరో మళ్ళీ ఇల్లు చూడలేదు. దేశం ఉత్తర, దక్షిణాలుగా ఉండిపోయింది. 1983 జూన్ 30న దక్షిణ కొరియా టెలివిజన్ సంస్థ కె.బి.ఎస్. తప్పిపోయినవారిని కలిపే కార్యక్రమం మొదలుపెట్టింది. జనం తమవాళ్ళ పేర్లు రాసిన అట్టలు పట్టుకుని వచ్చారు. అది 138 రోజులు సాగింది. పదివేలకు పైగా కుటుంబాలు కలిశాయి. ఒకే దేశంలో ఉంటూ ముప్పై ఏళ్ళు ఒకరి జాడ ఒకరికి తెలియని అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు వారిలో ఉన్నారు!

ఉత్తరాన ఉండిపోయినవారు మాత్రం అందులో కనిపించలేదు. తరవాత 2000 నుంచి 2018 దాకా రెండు ప్రభుత్వాలూ అప్పుడప్పుడూ కొద్దిమందిని కలిపాయి. అలా కలుసుకున్నవారు రెండు మూడు రోజులకే మళ్ళీ ఎవరి వైపుకు వారు వెళ్ళిపోవలసివచ్చింది.